గోల్ఫ్ కర్రల ఎంపిక, టీ షాట్

గోల్ఫ్ ఆటలో బంతిని కొట్టడానికి ఉపయోగించే సాధనాన్ని ఆంగ్లంలో క్లబ్ అంటారు. ఆటగాళ్ళ సంఘానికి కూడా అదే పేరు ఉన్నందున, తికమకకు తావు లేకుండా ఈ వ్యాసంలో సాధనాన్ని గోల్ఫ్ కర్ర అనీ, సంఘాన్ని క్లబ్ అనీ వ్యవహరించడం జరిగినది. ప్రతి రంధ్రం వద్ద ఆట ప్రారంభిస్తూ కొట్టే తొలి దెబ్బను టీ షాట్ అంటారు. 18 రంధ్రాల మైదానంలో పూర్తి ఆటకు 18 టీ షాట్లు ఉంటాయి. తక్కువ దెబ్బలతో ఆట ముగించినవారే విజేతలు కనుక మొదటి దెబ్బ ఎక్కడ పడినదన్న దానిపై ఆ రంధ్రం వద్ద మొత్తం ఆట ఆధారపడి ఉంటుంది.

నియమాల ప్రకారం ఒక ఆటగాడు 14 కర్రల వరకు వెంట తీసుకొని వెళ్ళవచ్చును. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. కొత్తగా నేర్చుకొనేవారికి ఆరేడు కర్రలు చాలును. అట్లే టీ షాట్‌లో వారికి ముఖ్యమైనది దూరం కాదు; బంతి హద్దులు దాటకుండా, పోకుండా ఆటలో నిలవడం ముఖ్యం.

కర్ర భాగాలు

గోల్ఫ్ కర్రకు మూడు ప్రధాన భాగాలు కలవు. చేతితో పట్టుకొనే రబ్బరు తొడుగు పిడి. దానినుండి క్రిందికి సాగే సన్నని గొట్టం కాడ. ఇది ఉక్కుతో గాని, గ్రాఫైటుతో గాని చేయబడుతుంది. చివరన ఉండే బరువైన భాగం తల. తలలో బంతికి తగిలే ఉపరితలాన్ని ముఖం అంటారు.

ముఖం నిటారుగా కాక వెనుకకు వాలి ఉంటుంది. ఈ వాలును లాఫ్ట్ అంటారు, దానిని డిగ్రీలలో కొలుస్తారు. లాఫ్ట్ ఎక్కువైతే బంతి ఎత్తుగా లేచి దగ్గరలో పడుతుంది. తక్కువైతే బంతి తక్కువ ఎత్తులో చాలా దూరం పోతుంది. కర్రల మధ్య గల భేదమంతా ప్రధానంగా ఈ లాఫ్ట్, కాడ పొడవు అనే రెండింటిలోనే ఉన్నది.

చరిత్ర

పూర్వం కర్రల కాడలను హికరీ అనే చెట్టు కలపతో చేసేవారు. ఉక్కు కాడలను అమెరికాలో 1920 దశకం మధ్యలోనూ, బ్రిటన్‌లో 1929లోనూ అనుమతించారు. దూరపు దెబ్బలకు వాడే కర్రల తలలు పెర్సిమన్ కలపతో తయారయ్యేవి. పెర్సిమన్ మన అడవులలో బీడీ ఆకునిచ్చే తునికి చెట్టుకు దగ్గరి చుట్టం. రెండూ డయోస్పైరోస్ ప్రజాతికి చెందినవే. 1979లో టేలర్‌మేడ్ సంస్థ ఉక్కు తల గల కర్రను ప్రవేశపెట్టిన తరువాత కలప తలలు క్రమంగా కనుమరుగైనాయి. అయినా ఆ రకం కర్రలను నేటికీ వుడ్ అనే పిలుస్తున్నారు.

కొత్తవారికి ఎక్కువ మేలు చేసిన మార్పు తలలో బరువును అంచులకు జరపడం. పింగ్ సంస్థ వ్యవస్థాపకుడు కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. బరువు మధ్యలో పోగుపడి ఉన్న తల, బంతి కొంచెం ప్రక్కగా తగిలినా గిరుక్కున తిరిగిపోతుంది. బరువు అంచులలో ఉంటే అంతగా తిరగదు. అందువలన తప్పుగా తగిలిన దెబ్బ కూడా కొంతవరకు సరైన దిక్కునే పోతుంది.

బంతిని నిలబెట్టే టీకి కూడా చరిత్ర ఉన్నది. పూర్వం తడి ఇసుకను చిటికెడు తీసి చిన్న కుప్పగా చేసి దానిపై బంతిని ఉంచేవారు. 1899లో బోస్టన్ నగరానికి చెందిన జార్జి గ్రాంట్ కొయ్య టీకి పేటెంటు పొందాడు. 1920 దశకంలో విలియం లోవెల్ రూపొందించిన రెడ్డీ టీ విస్తృతంగా అమ్ముడుపోయినది. విశేషమేమంటే వీరిద్దరూ దంతవైద్యులే.

14 కర్రల పరిమితిని అమెరికాలో 1938లోనూ, బ్రిటన్‌లో 1939లోనూ విధించారు. అంతకు ముందు కొందరు పోటీదారులు ఇరవైకి పైగా కర్రలు మోయించుకొనేవారు.

కర్రల రకాలు

* డ్రైవర్: పట్టర్ కాక మిగిలిన కర్రలలో అన్నిటికంటె పొడవైనది, లాఫ్ట్ అతి తక్కువ గలది. లాఫ్ట్ సాధారణంగా 9 నుండి 12 డిగ్రీలు. దీని తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లకు మించకూడదు.
* ఫెయిర్‌వే వుడ్లు: 3 వుడ్ లాఫ్ట్ సుమారు 15 డిగ్రీలు, 5 వుడ్ లాఫ్ట్ సుమారు 18 డిగ్రీలు. వీటిని టీ పైనుండి గాని, నేలపైనుండి గాని వాడవచ్చును.
* హైబ్రిడ్లు: వుడ్‌కూ ఐరన్‌కూ మధ్యస్థమైనవి. కొట్టడానికి కష్టమైన పొడవాటి ఐరన్ల స్థానంలో వచ్చినవి.
* ఐరన్లు: పలుచని లోహపు తల గలవి. అంకె పెరిగిన కొద్దీ లాఫ్ట్ పెరుగుతుంది, కాడ పొట్టిదవుతుంది. నేటి 7 ఐరన్ లాఫ్ట్ సుమారు 30 నుండి 34 డిగ్రీలు.
* వెడ్జ్‌లు: ఎత్తుగా లేచి దగ్గరలో పడే దెబ్బలకు. ఇసుక గుంటలనుండి బంతిని తీయడానికి వాడే శాండ్ వెడ్జ్ లాఫ్ట్ సుమారు 54 నుండి 56 డిగ్రీలు.
* పట్టర్: గ్రీన్ అనబడే నున్నని పచ్చికపై బంతిని రంధ్రంలోనికి దొర్లించడానికి.

కొత్తవారికి కర్రల ఎంపిక

ఎన్ని కర్రలు: కొత్తవారి అవసరాలకు సాధారణంగా ఈ ఏడు కర్రలు సరిపోవును: 5 వుడ్, ఒక హైబ్రిడ్, 7 ఐరన్, 9 ఐరన్, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పట్టర్. డ్రైవర్‌ను మొదట కొనకపోయినా నష్టం లేదు. మొదటి నెలలలో 5 ఐరన్, 6 ఐరన్, 7 ఐరన్ మూడింటితోనూ కొట్టిన బంతులు ఇంచుమించు ఒకే దూరం పోతాయి. దెబ్బలో నిలకడ వచ్చిన తరువాతనే వాటి మధ్య తేడా బయటపడుతుంది. అప్పుడు ఏ దూరానికి కర్ర లోటుగా ఉన్నదో ఆటగాడికే తెలుస్తుంది. ఆ లోటును బట్టి ఒక్కొక్కటిగా చేర్చుకొనడం ఉత్తమం.

కాడ బిగువు: కర్రను వేగంగా విసిరేవారికి బిగువైన కాడ, నెమ్మదిగా విసిరేవారికి వంగే కాడ అనుకూలం. బిగువు తగ్గినకొద్దీ స్టిఫ్, రెగ్యులర్, సీనియర్, లేడీస్ అనే పేర్లు ఉన్నవి. ఇవి వేగాన్ని సూచించే గుర్తులే కాని వయస్సునూ, స్త్రీ పురుష భేదాన్నీ నిర్ణయించేవి కావు. బలంగా వేగంగా కొట్టే మహిళకు రెగ్యులర్, నెమ్మదిగా కొట్టే యువకుడికి సీనియర్ కాడ సరిపోవచ్చును. బింకానికి పోయి స్టిఫ్ కాడ కొనడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. ఐరన్లకు ఉక్కు కాడ బరువైనది, సాధారణంగా చౌక. గ్రాఫైటు తేలికైనది, వయస్సు మళ్ళినవారికి, కీళ్ళ నొప్పులు ఉన్నవారికి హితమైనది.

పొడవు: ఎత్తు ఒక్కటే చూడడం సరిపోదు. పొడవైన మనిషికి చేతులు కూడా పొడవైతే సాధారణ పొడవు గల కర్రే సరిపోవచ్చును. అందుచేత నిటారుగా నిలబడి, చేతులు వదులుగా వ్రేలాడదీసి, మణికట్టునుండి నేలకు గల దూరం కొలుస్తారు. కర్రను నేలపై ఆనించినపుడు తల అడుగుభాగం నేలకు సమంగా ఆనవలెను. ముందు భాగం పైకి లేస్తే కర్ర ఎక్కువ పొడవైనది గాని, కాడకూ తలకూ మధ్య కోణం ఎక్కువ నిటారైనది గాని అయి ఉండును.

పాత కర్రలు: మంచి స్థితిలో ఉన్న పాత కర్రలతో నేర్చుకొనడంలో లోపమేమీ లేదు. ముఖంపై గీతలు అరిగిపోలేదా, కాడకు తుప్పు గాని చీలిక గాని ఉన్నదా, తల వదులైనదా అన్నవి చూడవలెను. రబ్బరు పిడి గట్టిపడి జారుతూ ఉంటే మార్పించుకొనవచ్చును. జారే పిడిని గట్టిగా బిగించి పట్టుకొనవలసి వస్తుంది. బిగించిన చేతులతో కర్ర సాఫీగా తిరగదు.

పిల్లలు, ఎడమచేతివాటంవారు: పెద్దవారి కర్రను కోసి పిల్లలకు ఇవ్వడం మంచిది కాదు. కోసిన కాడ మరింత బిగువెక్కుతుంది, తల బరువు మాత్రం తగ్గదు. పిల్లలకు తేలిక తల గల కర్రలు వేరుగా దొరుకుతాయి. ఎడమచేతివాటం గలవారికి ముఖం రెండవ వైపు ఉన్న కర్రలు అవసరం. కొనడానికి ముందు రెండు వాటాలతోనూ ఆడి చూచుకొనడం మంచిది.

టీ షాట్ విధానం

టీ షాట్‌కు ఇతర దెబ్బలకు లేని సౌలభ్యం ఒకటి ఉన్నది. బంతిని ఎక్కడ ఉంచవలెనో, ఎంత ఎత్తున ఉంచవలెనో ఆటగాడే నిర్ణయించుకొనవచ్చును. ఈ క్రింది వివరాలు కుడిచేతివాటం గలవారికి వర్తిస్తాయి. ఎడమచేతివాటం గలవారు కుడి ఎడమలను మార్చుకొనవలెను.

బంతి ఎత్తు: డ్రైవర్‌తో కొట్టేటపుడు బంతిలో సగం కర్ర తల పై అంచుకు పైన కనబడేంత ఎత్తున టీ గుచ్చవలెను. 3 వుడ్, 5 వుడ్‌లకు ఇంకా తక్కువ ఎత్తు చాలును. ఐరన్‌తో కొట్టేటపుడు బంతి గడ్డి పైన ఆనీ ఆననట్లుగా ఉండవలెను.

బంతి స్థానం: డ్రైవర్‌కు బంతి ఎడమ మడమకు ఎదురుగా ఉండవలెను. ఊపు అడుగుకు చేరి మరల పైకి లేస్తున్న సమయంలో కర్ర బంతికి తగలవలెనన్నది దీని ఉద్దేశం. 7 ఐరన్‌కు బంతి పాదాల మధ్యకు వస్తుంది. కర్ర క్రిందికి దిగుతూ తగలవలెను.

పట్టు: కుడి చిటికెనవ్రేలును ఎడమచేతి వ్రేళ్ళపై ఆనించే పట్టును హ్యారీ వార్డన్ ప్రచారంలోకి తెచ్చినందున వార్డన్ పట్టు అంటారు. రెండు వ్రేళ్ళను మెలివేసే పట్టు, పది వ్రేళ్ళూ పిడిపై ఉండే పట్టు కూడా సమ్మతమైనవే. ఏ పట్టు అయినా రెండు చేతులూ ఒకటిగా పనిచేయవలెను.

దిక్కు: మొదట బంతి వెనుక నిలబడి లక్ష్యాన్ని చూడవలెను. బంతికి అడుగు దూరంలో అదే వరుసలో ఒక ఆకును గాని, గడ్డిపరకను గాని గుర్తుగా పెట్టుకొని కర్ర ముఖాన్ని దానికి ఎదురుగా నిలపవలెను. ఆ తరువాతనే పాదాలను, భుజాలను సర్దుకొనవలెను. దూరాన ఉన్న జెండాకంటె దగ్గరలోని గుర్తుకు సూటి పెట్టడం సులభం.

ముఖం, మార్గం

కర్ర బంతిని తాకి ఉండే కాలం సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. ఆ క్షణంలో ముఖం చూస్తున్న దిక్కే బంతి బయలుదేరే దిక్కును ప్రధానంగా నిర్ణయిస్తుంది. కర్ర సాగుతున్న మార్గానికీ, ముఖం దిక్కుకూ మధ్య గల తేడా బంతి గాలిలో వంకర తిరగడానికి కారణమవుతుంది. కర్ర మార్గమే బంతి తొలి దిక్కును నిర్ణయిస్తుందని చాలాకాలం బోధించారు. రాడార్ పరికరాలతో కొలిచిన తరువాత ఆ అభిప్రాయం సరికాదని తేలినది.

ముఖం ఒక్క డిగ్రీ తప్పినా 200 గజాల దూరంలో బంతి సుమారు మూడున్నర గజాలు ప్రక్కకు పోతుంది. ఐదు డిగ్రీలు తప్పితే 17 గజాలకు పైగా పోతుంది. గాలిలోని వంకర దీనికి అదనం. లాఫ్ట్ తక్కువగా ఉన్న కర్రతో ఈ వంకర మరింత ఎక్కువ. అందుకే 7 ఐరన్‌తో తిన్నగా కొట్టేవారికి కూడా డ్రైవర్ లొంగదు. ఇక్కడ దోషం ఆటగాడి బలంలో లేదు. పొడవైన కాడ, తక్కువ లాఫ్ట్ అతని చిన్న తప్పును పెద్దది చేసి చూపుతాయి.

సాధారణ దోషాలు

* స్లైస్: బంతి కుడివైపుకు వంకర తిరగడం. కొత్తవారిలో సర్వసాధారణం. కర్ర బయటినుండి లోపలికి కోస్తున్నట్లు రావడం, ఆ మార్గంతో పోలిస్తే ముఖం కుడికి తెరచుకొని ఉండడం దీనికి కారణాలు. బంతి కుడికి పోతున్నదని మరింత ఎడమకు గురిపెడితే కోత ఎక్కువై వంకర పెరుగుతుంది. పిడిపై చేతులను కొంచెం కుడికి త్రిప్పి పట్టుకొనడం మొదటి చికిత్స.
* హుక్: బంతి ఎడమకు వంకర తిరగడం. మార్గంతో పోలిస్తే ముఖం ఎడమకు మూసుకొని ఉన్నపుడు కలుగుతుంది.
* టాప్: కర్ర బంతి పై భాగానికి తగిలి బంతి నేలపై దొర్లిపోవడం. బంతిని పైకి లేపాలన్న ఆత్రంతో శరీరం ఎత్తడం దీనికి ఒక కారణం. బంతిని లేపే పని లాఫ్ట్‌ది.
* ఆకాశపు దెబ్బ: టీ మరీ ఎత్తుగా ఉన్నపుడో, కర్ర నిటారుగా దిగినపుడో బంతి తల పై అంచుకు తగిలి నిలువునా లేచి దగ్గరలోనే పడడం.

ఏ కర్రతో టీ షాట్ కొట్టవలెను

టీ పైనుండి డ్రైవర్‌తోనే కొట్టవలెనన్న నియమం లేదు. ఒక ఉదాహరణ గమనించదగినది. రంధ్రం 370 గజాల దూరంలో ఉన్నదనుకొందాము. ఒక కొత్త ఆటగాడు 7 ఐరన్‌తో 120 గజాలు, డ్రైవర్ బాగా తగిలితే 200 గజాలు కొట్టగలడు. అతడు 7 ఐరన్‌తోనే ఆడితే మూడు దెబ్బలకు 360 గజాలు చేరుతాడు. నాలుగవ దెబ్బతో గ్రీన్ చేరి, రెండు పట్టర్ దెబ్బలతో మొత్తం 6 దెబ్బలలో ముగిస్తాడు. డ్రైవర్‌తో మొదటి బంతిని హద్దు దాటిస్తే శిక్షతో కలిపి మరల టీ పైనుండి కొట్టేది మూడవ దెబ్బ అవుతుంది. అది 200 గజాలు చక్కగా పోయినా, నాలుగవది 120 గజాలు, ఐదవది 50 గజాలు, ఆపై రెండు పట్టర్ దెబ్బలు కలిసి మొత్తం 7. ఎనభై గజాల అదనపు దూరం కూడా ఒక్క తప్పును పూడ్చలేకపోయినది.

ఈ నిర్ణయం ఆరితేరినవారికి కూడా తేలిక కాదు. హైదరాబాదునుండి అమెరికా వెళ్ళిన తెలుగు దంపతులకు 1997లో కాలిఫోర్నియాలో జన్మించిన సాహిత్ తీగల ఇందుకు ఉదాహరణ. అతడు 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజున విజయానికి చేరువలో ఉండి 17వ రంధ్రం వద్దకు వచ్చాడు. దెబ్బ బాగా తగిలితే టీ పైనుండి నేరుగా గ్రీన్ చేరగల పొట్టి రంధ్రం అది. అతడు కొట్టిన బంతి గ్రీన్ దగ్గర పడి, ఎడమకు దొర్లి నీటిలో పడినది. ఆ రంధ్రం వద్ద ఒక దెబ్బ నష్టపోయి, విజేతను తేల్చే అదనపు ఆటకు ఒక్క దెబ్బ దూరంలో ఆగిపోయాడు. తరువాత 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి తన మొదటి పి.జి.ఎ. టూర్ విజయం సాధించాడు. చిన్ననాటినుండి వెన్నెముక వంపు ఉన్న సాహిత్ ఊపు పాఠ్యపుస్తకాలలోని ఊపును పోలి ఉండదు. అందరి ఊపూ ఒకే విధంగా ఉండనవసరం లేదని, తన ఊపు తనకు నిలకడగా రావడమే ముఖ్యమని అతని ఆట తెలుపుతున్నది.

టీ షాట్ నియమాలు

* టీ గుర్తులు రెండింటి మధ్య, వాటినుండి వెనుకకు రెండు కర్రల పొడవు గల దీర్ఘచతురస్రంలోనే బంతిని ఉంచవలెను. ఆటగాడు మాత్రం ఆ హద్దు బయట నిలబడవచ్చును.
* కొట్టక ముందు బంతి టీ మీదనుండి పడిపోతే శిక్ష లేదు. మరల ఉంచుకొనవచ్చును.
* కొట్టే ఉద్దేశంతో విసిరి బంతిని తప్పితే అది ఒక దెబ్బగా లెక్కకు వస్తుంది.
* తెల్లని గుంజలు మైదానపు హద్దును సూచిస్తాయి. బంతి హద్దు దాటినా, వెదకినపుడు మూడు నిమిషాలలో దొరకకపోయినా ఒక దెబ్బ శిక్షతో పూర్వస్థానంనుండే మరల కొట్టవలెను. 2019కి ముందు వెదకడానికి ఐదు నిమిషాలు ఉండేది.
* బంతి పోయినదన్న అనుమానం ఉంటే, ముందుగా ప్రకటించి ప్రత్యామ్నాయ బంతిని కొట్టుకొనవచ్చును. దీనివలన వెనుకకు నడచి వచ్చే శ్రమ తప్పుతుంది.
* బంతి మనుషుల వైపు పోతే వెంటనే బిగ్గరగా "ఫోర్" అని కేక వేయడం ఆచారం.

తెలుగు ప్రాంతాలలో గోల్ఫ్

1829లో ప్రారంభమైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ బ్రిటన్ వెలుపలి గోల్ఫ్ క్లబ్బులలో అతి పురాతనమైనది. తెలుగు ప్రాంతాలలో విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ మైదానం సముద్రతీరానికి దగ్గరలో మిట్టపల్లాల నేలపై ఉన్నది. హైదరాబాదులో గోల్కొండ కోట వద్ద నయా ఖిలా ప్రాంతంలో 18 రంధ్రాల మైదానం ఉన్నది. చారిత్రక కట్టడాల నడుమ మైదానం ఏర్పాటు చేయడంపై వారసత్వ పరిరక్షకులు అభ్యంతరం తెలిపారు. గచ్చిబౌలి ప్రాంతంలోని బౌల్డర్ హిల్స్ మైదానం పెద్ద పెద్ద బండరాళ్ళ మధ్య రూపొందించబడినది. ఇటువంటి చోట దారి తప్పిన టీ షాట్ రాతికి తగిలి ఎటు పోవునో చెప్పలేము. తీరప్రాంతంలో అయితే సముద్రపు గాలిని లెక్కలోనికి తీసుకొనవలెను.

మైదానం దగ్గరలో లేనివారి అభ్యాసం

గోల్ఫ్ మైదానాలు నగరాలకే పరిమితమైనందున గ్రామీణులకు ఈ ఆట అందుబాటులో లేదు. ఉదాహరణకు కోనసీమలో వృద్ధ గౌతమి ఒడ్డున, వీరేశ్వరస్వామి నిత్యకల్యాణాలకు ప్రసిద్ధమైన మురమళ్ళనుండి విశాఖపట్నం మైదానానికి సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణం. అటువంటి చోట నేర్చుకొనదలచినవారు కొబ్బరితోటలోనో, కోత అయిన చేలోనో అసలు బంతితో కొట్టడం ప్రమాదకరం. ఎకరా అనగా 4,840 చదరపు గజాలు. చతురస్రంగా ఉన్న ఎకరా పొలం ఒక ప్రక్క కొలత సుమారు 70 గజాలే. కొత్తవారి 7 ఐరన్ దెబ్బ కూడా 100 గజాలు దాటుతుంది. అనగా బంతి గట్టు దాటి ప్రక్క తోటలో దింపు తీస్తున్నవారి మీదనో, కాలువగట్టున నడిచేవారి మీదనో పడగలదు. బంతి బరువు 46 గ్రాములకు లోపే అయినా, అది గట్టిది. తగిలితే తీవ్రమైన గాయమవుతుంది.

ఇటువంటి చోట సురక్షితమైన పద్ధతులు ఇవి: బంతి లేకుండా ఊపును సాధన చేయడం, కొద్ది దూరమే పోయే నురుగు బంతులను గాని చిల్లుల ప్లాస్టిక్ బంతులను గాని వాడడం, గట్టి వల కట్టి దానిలోనికి కొట్టడం. పట్టర్‌ను ఇంటి నేలపై పరచిన దళసరి గుడ్డ మీదనైనా సాధన చేయవచ్చును. 18 రంధ్రాల ఆటలో పట్టర్ దెబ్బలు టీ షాట్లకంటె చాలా ఎక్కువ. కాబట్టి ఇంటివద్ద చేసిన ఈ సాధన వృథా పోదు. నెలకొకసారి మైదానానికి వెళ్ళగలిగినవారు కూడా మిగిలిన రోజులలో పట్టు, నిలబడే తీరు, ముఖం దిక్కు అనే మూడింటిని ఇంటివద్దనే సరిచేసుకొనవచ్చును.

ఇవి కూడా చూడండి

* గోల్ఫ్
* సాహిత్ తీగల
* గోల్కొండ
* విశాఖపట్నం
* మురమళ్ళ